అమ్మకు ఎడమ కాలు ఒక్కటే వాచింది, ఊర్లో అందరూ బోదకాలు అంటున్నారు

పరకాల ఆడబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గర ఊరు. నేను హన్మకొండలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. అమ్మానాన్న ఊర్లోనే ఉంటారు. అమ్మకు 51 ఏళ్ళు. మొన్న ఐతారం పొద్దున లేచేసరికి ఎడమ పిక్క బరువుగా ఉందన్నది. నరం పట్టిందేమో అనుకున్నారు. పొద్దుగూకేసరికి చీలమండ ఎముక కనపడనంత వాపు వచ్చింది. ఇప్పుడు మోకాలి దాకా ఎక్కింది. వేలితో నొక్కితే సొట్ట పడి కాసేపు అట్లనే ఉంటున్నది. ఎడమ కాలి పట్టీ బిగుసుకుపోతే సబ్బు రాసి తీశారు. కుడి కాలి పట్టీ మాత్రం ఎప్పటిలాగే వదులుగా ఉంది.

జ్వరం లేదు. దెబ్బ తగల్లేదు. పురుగు కుట్టిన గుర్తు కూడా లేదు. నడిస్తే పిక్క లోపల పట్టేసినట్టు నొప్పి, ముట్టుకుంటే రెండో కాలికన్నా వెచ్చగా ఉంది. షుగర్ లేదు. బీపీకి రోజుకొక గోలీ వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులు ఎప్పటి నుంచో ఉన్నవే.

ఊర్లో ఆర్ఎంపీ నొప్పి సూది వేసి గోలీలు ఇచ్చాడు. నొప్పి కొంచెం తగ్గింది కానీ వాపు తగ్గలేదు. మా పెద్దమ్మ వచ్చి చూసి, ఇది బోదకాలే అన్నది. మా నాయనమ్మకు బోదకాలు ఉండేది. ఆమె ఆ కాలు ఎత్తి గడప దాటడానికి పడిన బాధ మేమందరం చూశాం. పెద్దమ్మ ఆ మాట అన్నప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. "నా కాలు గూడా అత్త కాలు లెక్కనే అయితదా బిడ్డా" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నది. అన్నం కూడా సరిగా తినడం లేదట.

పక్కింటి వాళ్ళు కర్పూరం నూనె వేడి చేసి పిక్క నుంచి తొడ దాకా గట్టిగా రుద్దిస్తే దిగిపోతుందంటున్నారు. మాలిష్ చేసే ఆమె రేపు పొద్దున వస్తానని చెప్పింది. ఇంకొకరు జిల్లేడాకు కాచి కట్టమన్నారు. నాన్న ఏమో పత్తి ఏరుడు అయ్యాక పెద్ద దవాఖానకు తీసుకుపోదాం అంటున్నాడు.

ఒక్క కాలే ఎందుకు వాస్తుంది? బోదకాలు ఇంత తొందరగా వస్తుందా? రుద్దించవచ్చా? ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి, ఎముకల డాక్టరా, చర్మం డాక్టరా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కాజీపేట రైల్వే కాలనీ:

అక్కా, అమ్మగారి బీపీ గోలీ పేరు చూశారా? అమ్లోడిపిన్ అయితే దానివల్ల కాళ్ళు వాస్తాయి. మా నాన్నకు చెప్పులు పట్టనంత వాపు వచ్చింది. డాక్టర్ గోలీ మార్చాక తగ్గిపోయింది. కిడ్నీ పరీక్ష కూడా చేయించండి. నీరు పోయే గోలీ ఒకటి రాస్తే దిగుతుంది, కంగారు పడకండి.

విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్, హన్మకొండ:

బిడ్డా, ముందు ఇంటికి ఫోన్ చేసి ఆ మాలిష్ ఆమెను రావద్దని చెప్పు. చెప్పి వచ్చి మిగతాది చదువు.

నేను మలేరియా, ఫైలేరియా (అంటే బోదకాలు) విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. డాక్టర్‌ను కాను. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో వాచిన కాళ్ళు చాలా చూశాను. బోదకాలు అని మా దగ్గరికి వచ్చి, బోదకాలు కాకుండా వేరే జబ్బు బయటపడ్డ కాళ్ళు కూడా చూశాను. అందుకే మీ అమ్మ విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాజీపేట తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. అమ్లోడిపిన్‌తో కాళ్ళు వాస్తాయి. గుండె, కిడ్నీ, కాలేయం బలహీనపడ్డా, ఒంట్లో ప్రోటీన్ తగ్గినా వాస్తాయి. కానీ ఆ వాపు మామూలుగా రెండు కాళ్ళకూ వస్తుంది. గోలీ ప్రభావం ఒంటికంతా ఉంటుంది కదా, ఒక్క ఎడమ కాలినే ఎందుకు ఎంచుకుంటుంది? ఒక్క కాలే వాచిందంటే ఇబ్బంది ఆ కాల్లోనో, ఆ కాలి నుంచి పైకి పోయే దారిలోనో ఉందని ముందుగా అనుమానించాలి. నీరు పోయే గోలీ దానికి మందు కాదు. లోపల రక్తం గడ్డ ఉండి ఆ గోలీతో ఒంట్లో నీరు ఇంకా తగ్గితే మంచిది కాదు.

అవును, నా అనుమానం రక్తం గడ్డ మీదనే. కాలి కండరాల లోపల పెద్ద సిరలు ఉంటాయి, కాలి రక్తం వాటి గుండానే గుండెకు తిరిగి పోతుంది. అక్కడ రక్తం గడ్డ కడితే, చెరువు తూముకు అడ్డం పడ్డప్పుడు నీళ్ళు వెనక్కి తన్నినట్టు కింద కాలంతా ఉబ్బుతుంది. డాక్టర్లు దీన్ని డీవీటీ అంటారు. నా భయం ఆ ఉబ్బు గురించి కాదు. గడ్డలో ఒక ముక్క తెగి రక్తంతోపాటు గుండె దాటి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాలిష్ వద్దన్నది అందుకే. గడ్డ లేదని తేలేదాకా రుద్దడం, పిసకడం, గట్టిగా గుడ్డ చుట్టడం ఏదీ చేయకూడదు. జిల్లేడు పాలు తగిలితే చర్మం పొక్కుతుంది, అదీ వద్దు.

ఇప్పుడు నేను అడిగేవాటికి జవాబు చెప్పు. ఈ రెండు మూడు నెలల్లో మీ అమ్మకు ఏదైనా ఆపరేషన్ అయిందా? జ్వరంతోనో నడుము నొప్పితోనో మంచాన పడి ఉన్నదా? బస్సులోనో రైల్లోనో నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చున్నదా? నెలసరి వాయిదా పడడానికో, బ్లీడింగ్ ఆగడానికో హార్మోన్ గోలీలు వాడిందా? పెళ్ళిళ్ళు, పూజలు అని మన ఆడవాళ్ళు ఆ గోలీలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు, ఎవరికీ చెప్పరు. కాబట్టి పక్కన మగవాళ్ళు లేనప్పుడు నువ్వే అడుగు. కేన్సర్ చికిత్స ఏమైనా జరిగిందా? ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా గడ్డ కట్టిందా?

ఇంకొక పని. దర్జీ టేపుతో రెండు పిక్కలూ కొలిపించు. మోకాలి చిప్ప కింద ముందు వైపు ఒక ఎముక బొడిపె తగులుతుంది. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి, అక్కడ చుట్టుకొలత తీయాలి. రెండు కాళ్ళకు తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. దాటకపోతే గడ్డ లేదని మాత్రం అనుకోవద్దు.

ఇక బోదకాలు సంగతి. అది నాకు బాగా తెలిసిన జబ్బు కనుక కొంచెం వివరంగా రాస్తాను, మీ అమ్మకు చదివి వినిపించు. బోదకాలు రాత్రికి రాత్రి రాదు. మురికి నీళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టడం వల్ల ఈ జబ్బు పురుగు ఒంట్లోకి పోతుంది. ఆ పురుగు లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో పెరిగి వాటిని పాడు చేస్తుంది. సాధారణంగా చలి జ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రబడి వాచడం, కొన్ని రోజులకు దిగడం ఇట్లా వచ్చి పోతూ ఏళ్ళ మీద వాపు నిలిచిపోతుంది. మొదట్లో నొక్కితే సొట్ట పడుతుంది, పోనుపోను చర్మం మందమై సొట్ట పడడం మానేస్తుంది. ఐతారం పొద్దున మొదలై రోజుల్లోనే మోకాలి దాకా ఎక్కే బోదకాలును నేను చూడలేదు.

అత్తకు ఉంటే కోడలికి వస్తుందన్నది కూడా నిజం కాదు. ఇది రక్తసంబంధంతో వచ్చేది కాదు, ఒకరిని ఒకరు ముట్టుకుంటే అంటేదీ కాదు. ఒకే ఇంట్లో, ఒకే మురికి కాల్వ పక్కన, అవే దోమల మధ్య ఏళ్ళ తరబడి ఉంటే ఇద్దరికీ రావచ్చు, అంతవరకే. మేము రాత్రి పూట, జనం పడుకునే వేళకు ఇళ్ళకు పోయి వేలి నుంచి చుక్క రక్తం తీసేవాళ్ళం. "పగలు రారాదా సారూ" అని విసుక్కునేవారు. ఆ పురుగు పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని, దోమ కుట్టే రాత్రి వేళ పై రక్తంలోకి వస్తాయి. అందుకే ఆ పరీక్ష ఎక్కువగా రాత్రే చేస్తారు. ఇప్పుడు పగలు కూడా చేయగల కార్డు పరీక్ష ఉంది. దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ ఆ పురుగును చంపే డీఈసీ గోలీలు, తర్వాత్తర్వాత వాటితో ఆల్బెండజోల్ కూడా మింగిస్తున్నారు. మీ ఊర్లో కూడా ఇచ్చే ఉంటారు. చాలామంది తీసుకుని గూట్లో పెడతారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

గడ్డ, బోదకాలు కాకుండా ఇంకొన్ని ఉన్నాయి. మోకాళ్ళు అరిగినవాళ్ళలో కొందరికి మోకాలి వెనుక నీటి తిత్తి ఏర్పడుతుంది. అది పగిలితే నీరు పిక్కలోకి దిగి అచ్చం రక్తం గడ్డ లాగానే నొప్పి, వాపు వస్తాయి. మీ అమ్మకు పాత మోకాళ్ళ నొప్పులు అన్నావు కనుక అదీ కావచ్చు. కానీ చేతితో చూసి ఎవరూ తేల్చలేరు, స్కానింగ్‌లోనే తెలుస్తుంది. కాలు ఎర్రగా, సెగలు కక్కుతూ, చలి జ్వరంతో ఉంటే చర్మం కింద ఇన్‌ఫెక్షన్. నాట్ల కాలంలో వేళ్ళ సందుల్లో తోలు పాసిపోయి అక్కడి నుంచి క్రిములు లోపలికి పోతాయి, షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. ఉబ్బిన నరాలు ఉన్నవాళ్ళకు సాయంత్రం వాచి పొద్దుటికి తగ్గుతుంది, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది. మెల్లమెల్లగా వారాల తరబడి ఒక కాలు వాస్తూ పోతే పొత్తికడుపులో కంతి ఏదైనా సిరలను నొక్కుతున్నదా అని కడుపు స్కానింగ్ చేయించాలి. చేనులో పని చేసినవాళ్ళకు గంటల్లో వాపు పాకితే పాము కాటు గుర్తు కోసం కూడా చూడాలి, రక్తపింజర కాటుకు కాలు విపరీతంగా వాస్తుంది.

ఏ డాక్టర్ అని అడిగావు. జనరల్ ఫిజీషియన్ దగ్గరికి పో, లేదంటే రక్తనాళాల సర్జన్. కాలి సిరలకు డాప్లర్ స్కానింగ్ చేస్తారు. సూది గుచ్చేది లేదు, నొప్పి ఉండదు. స్కానింగ్ పరికరంతో సిరను నొక్కుతారు. మామూలు సిర అణిగిపోతుంది, గడ్డ ఉన్న సిర అణగదు. పత్తి ఏరుడు అయ్యేదాకా ఆగే జబ్బు కాదిది. రేపే తీసుకుపో.

పరకాల ఆడబిడ్డ:

సార్, మాలిష్ ఆపించాను. మీరు అడిగినవన్నీ అమ్మను, నాన్నను అడిగాను. పిక్క కొలత ఎడమది 37, కుడిది 32 వచ్చింది.

ఆపరేషన్ అయింది సార్. మూడు వారాల కింద గర్భసంచి తీశారు. అందులో కంతులు ఉన్నాయి, బ్లీడింగ్ ఆగడం లేదని తీయించాం. కడుపు ఆపరేషన్‌కు కాలు వాపుకు సంబంధం ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతకు ముందు బ్లీడింగ్ ఆగడానికి హార్మోన్ గోలీలు కూడా రాశారట, చీటీ ఉంది. ఆపరేషన్ తర్వాత కుట్లు తెగుతాయని అమ్మ మంచం దిగడమే లేదు. కుట్లకు చీము పడుతుందని మా పెద్దవాళ్ళు నీళ్ళు కూడా తక్కువే తాగమన్నారు, పథ్యం పెట్టారు.

నాన్న రేపు మధ్యాహ్నం బయలుదేరదాం అంటున్నాడు. అప్పటిదాకా ఆగవచ్చా?

విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్, హన్మకొండ:

ఆగవద్దు. ఆపరేషన్ అయి మూడు వారాలు, హార్మోన్ గోలీలు, మంచం మీదే ఉండడం, 5 సెంటీమీటర్ల తేడా. ఇన్ని కలిసి వచ్చాక మధ్యాహ్నం అన్న మాట లేదు. ఈ రాత్రే ఆటో కాకుండా కారు మాట్లాడి తీసుకురండి, కాలు చాపుకుని కూర్చోబెట్టండి. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో క్యాజువాల్టీ రాత్రంతా ఉంటుంది. ప్రైవేటు అయితే ముందే ఫోన్ చేసి రాత్రి డాప్లర్ చేసేవాళ్ళు ఉన్నారా అని అడిగి పో.

చీటీలో గడ్డ అనుమానానికి చేసే డీ-డైమర్ అనే రక్త పరీక్ష రాస్తే కంగారు పడకు. ఆపరేషన్ అయినవాళ్ళకు అది గడ్డ లేకున్నా ఎక్కువగా వస్తుంది. అందుకే ఇట్లాంటి వాళ్ళకు మామూలుగా నేరుగా డాప్లరే చేస్తారు. ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, హార్మోన్ గోలీల చీటీ, ఆర్ఎంపీ ఇచ్చిన గోలీల పట్టీ అన్నీ వెంట పెట్టుకో.

దారిలో ఊపిరి ఆడకపోవడం, గాలి పీల్చితే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గుతో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడదడ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కారు ఆపి 108కి ఫోన్ చేయండి. లేదా ఏ దవాఖాన దగ్గరగా ఉంటే అక్కడ దింపండి. ఇది మీ నాన్నకు స్పీకర్‌లో పెట్టి వినిపించు.

జగిత్యాల గల్ఫ్ కుటుంబం:

చెల్లె, సార్ చెప్పినట్టు చెయ్యి. మా అన్న దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ఇట్లనే అయింది. అక్కడ కాలు విరిగి కట్టు వేశారు. కట్టు విప్పిన కొన్నాళ్ళకే విమానం ఎక్కాడు. అంతసేపు ఒకే సీట్లో, శంషాబాద్ నుంచి జగిత్యాల దాకా మళ్ళీ కారులో. ఇంటికొచ్చిన రెండో రోజు పిక్క వాచింది. విరిగిన కాలే కదా, వాపు ఉంటుందిలే అని మా ఇంట్లో అందరం అనుకున్నాం. ఒక రాత్రి ఆయాసం మొదలైంది, మెట్లు ఎక్కలేకపోయాడు. కరీంనగర్ తీసుకుపోతే కాలి గడ్డలో ముక్క ఊపిరితిత్తికి పోయిందని సీటీ స్కాన్‌లో తేలింది. ఐసీయూలో ఉంచారు. దేవుడి దయ, బతికాడు. ఇప్పుడు పనికి పోతున్నాడు కూడా.

మా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఆపరేషన్ అయినవాళ్ళు, కట్టు విప్పినవాళ్ళు, బాలింతలు దూర ప్రయాణం పెట్టుకుంటే ముందు డాక్టర్‌ను అడగాలి. విమానంలో గంటకోసారైనా లేచి నడవాలి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. మా అన్నకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. అందుకే నేను కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాను.

మంథని అక్క:

పరకాల చెల్లె, అమ్మగారికి ఏమని తేలినా ఒక మాట చెప్పమ్మా. నాకు బోదకాలు ఉంది, కుడి కాలు, 20 ఏళ్ళు దాటింది. పై సార్ చెప్పిందంతా నిజం. నాకు మొదట చలి జ్వరం, గజ్జలో బిళ్ళ. అట్లా ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి పోయేది. వాపు నిలబడడానికి చాలా ఏళ్ళు పట్టింది.

బోదకాలు అంటే బతుకు అయిపోయినట్టు మాట్లాడతారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. నేను రోజూ రాత్రి కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దుతాను. సందుల్లో ఒరిస్తే మందు రాస్తాను. పడుకునేటప్పుడు కాలు కింద దిండు పెడతాను. పీహెచ్‌సీలో అమ్మాయిలు ఈ పద్ధతి నేర్పించి, కాలు కడుక్కోవడానికి టబ్బు, మగ్గు ఇచ్చారు. ఇది పట్టుకున్నాక జ్వరాలు దాదాపు రావడం లేదు, కాలు కూడా పెరగలేదు. గోలీలు పురుగును చంపుతాయి కానీ పాడైన కాలును మళ్ళీ సన్నగా చేయలేవు. కడుక్కోవడమే దీనికి అసలు మందు. పింఛను కూడా వస్తుంది, మన తెలంగాణలో బోదకాలు ఉన్నవాళ్ళకు 2018 నుంచి ఇస్తున్నారు. నేను బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను చదివించాను. ఒకవేళ బోదకాలే అని తేలినా అమ్మ భయపడాల్సింది లేదు.

పరకాల ఆడబిడ్డ:

అందరికీ దండాలు. ఆ రాత్రే తీసుకొచ్చాం. రెండు రోజులు ఇక్కడికి వచ్చి రాయడానికి తీరిక దొరకలేదు.

డాప్లర్‌లో మోకాలి వెనుక సిరలో గడ్డ ఉందన్నారు, అది తొడ సిరలోకి కూడా పోయింది. ఊపిరితిత్తులకు పోయిన లక్షణాలు లేవు, ఆక్సిజన్ బాగానే ఉంది. వెంటనే పొట్ట మీద చర్మం కింద గడ్డ పెరగకుండా ఆపే ఎనాక్సాపారిన్ సూదులు మొదలుపెట్టారు. ఇప్పుడు రివరాక్సబాన్ గోలీలకు మారుస్తున్నారు. మొదటి 21 రోజులు పొద్దున, సాయంత్రం 15 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకొకటి 20. తిన్న తర్వాతే వేసుకోవాలట. బోదకాలు కాదని డాక్టరమ్మ అమ్మ చేయి పట్టుకుని చెప్పింది. అమ్మ అప్పుడు ఏడ్చింది, ఆ తర్వాత ఇడ్లీ తెప్పించుకుని తిన్నది.

ఎడమ కాలికే ఎందుకు వచ్చిందని నేను అడిగాను. పొట్టలో ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా కుడి కాలికి పోయే ధమని దాటుతుందట. ఆ ఒత్తిడి వల్ల ఎడమ వైపు రక్తం కొంచెం నెమ్మదిగా కదులుతుంది, గడ్డలు ఎడమ కాల్లో ఎక్కువగా చూస్తామని చెప్పింది. ఆపరేషన్ అయినవాళ్ళను ఎంత తొందరగా లేపి నడిపిస్తే అంత మంచిదని, నీళ్ళు ఆపడం వల్ల కుట్లకు ఏ లాభమూ లేదని నాన్నకు, పెద్దమ్మకు కూర్చోబెట్టి చెప్పింది. మా చిన్నమ్మ కోడలికి వచ్చే నెల కాన్పు. పెద్దమ్మ ఇప్పటికే ఫోన్ చేసి, పిల్లను మంచానికి కట్టేయవద్దు, నీళ్ళు తాగనివ్వండి అని చెప్పింది.

సార్, ఇంకా కొన్ని అడగాలి. ఈ గోలీలు ఎన్నాళ్ళు వాడాలి? గడ్డ కరుగుతుందా? ఆకుకూరలు మానేయమని వార్డులో పక్క మంచం ఆయన అంటున్నాడు, నిజమేనా? మోకాళ్ళ నొప్పికి పాత గోలీలు వేసుకోవచ్చా? అమ్మ మళ్ళీ పత్తి చేనుకు పోవచ్చా?

విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్, హన్మకొండ:

బిడ్డా, చల్లటి మాట చెప్పావు. ఆ రాత్రి నాకు కూడా నిద్ర పట్టలేదు.

ఆపరేషన్ లాంటి స్పష్టమైన కారణంతో వచ్చిన గడ్డకు సాధారణంగా మూడు నెలలు వాడతారు. ఆపాలా, పొడిగించాలా అన్నది డాక్టరమ్మ చెప్పాలి. నీకు నువ్వు ఆపవద్దు, కాలు దిగిపోయింది కదా అని మీ నాన్న ఆపమన్నా వినవద్దు. ఈ గోలీ గడ్డను తనంతట కరిగించదు. కొత్తగా పెరగకుండా ఆపితే ఒళ్ళు దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది, సాయంత్రం పూట వాపు, బరువు చాలాకాలం ఉంటాయి. అట్లా ఉంటే సాగే మేజోళ్ళ గురించి డాక్టర్‌ను అడుగు, కాలి కొలత తీసుకుని ఇస్తారు. బజారులో అందాజుగా కొనవద్దు.

పక్క మంచం ఆయన రక్తం పలుచబడే పాత రకం గోలీలు, వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ వాడుతుండొచ్చు. ఆ మందులకు ఆకుకూరల్లో ఉండే విటమిన్ కే అడ్డు తగులుతుంది. వాళ్ళు కూడా పూర్తిగా మానేయాల్సిన పని లేదు, రోజూ ఒకే లెక్కలో తింటూ, రక్తం ఎంతసేపట్లో గడ్డ కడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ పోవాలి. మీ అమ్మ వాడే రివరాక్సబాన్‌కు ఆ పథ్యం లేదు. గోంగూర, పాలకూర, ఏదైనా తినవచ్చు. ఇంకా ఆపరేషన్ అయి ఎన్నాళ్ళో కాలేదు, రక్తం పట్టాలి కదా, బాగా పెట్టండి.

మోకాళ్ళకు వాడే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు మాత్రం వద్దు. రక్తం పలుచబడే మందుతో అవి కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. నొప్పి ఉంటే పారాసెటమాల్ వాడవచ్చా అని అక్కడే అడుగు. ఊర్లో ఆర్ఎంపీకి కూడా చెప్పి పెట్టు, పిరుదు మీద సూది వేయకూడదని. మలం నల్లగా తారులాగా వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, కింద బ్లీడింగ్ మొదలైనా, తలకు దెబ్బ తగిలినా వెంటనే దవాఖానకు రావాలి. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి కనుక బ్లీడింగ్ సంగతి నువ్వే రోజూ అడుగు, ఆమె చెప్పడానికి సిగ్గుపడుతుంది.

నడవమను, ఇంట్లో, వాకిట్లో మెల్లగా. మందు మొదలయ్యాక నడిస్తే గడ్డ కదులుతుందన్న భయం అక్కర్లేదు. చేను పని ఆపరేషన్ చేసిన డాక్టర్, ఈ డాక్టరమ్మ ఇద్దరూ సరే అన్న తర్వాతే, అప్పుడు కూడా పత్తి మూటలు ఎత్తకుండా. ఇక ముందు ఏ ఆపరేషన్ అయినా, పన్ను పీకించుకున్నా, దూరం పోవాల్సి వచ్చినా ఒకసారి కాల్లో గడ్డ కట్టిందన్న మాట ముందే చెప్పాలి. డిశ్చార్జి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోటో తీసి నీ ఫోన్లో కూడా ఉంచుకో. మళ్ళీ చూపించే తేదీ దాని మీద రాస్తారు, ఆ రోజు షాపులో సెలవు ముందే అడుగు.